నిజాం కొలువులో కెమెరా: రాజా దీన్ దయాళ్

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1884లో పూర్తి అధికారాలు చేపట్టాడు. రెండున్నరేళ్ళ వయసులోనే గద్దెనెక్కిన అతనికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. కొత్త ప్రభువుకు రాజ్యంతోపాటు రాజఠీవి కూడా లోకానికి కనిపించాలి. పూర్వం ఆ పని ఆస్థాన చిత్రకారులది. మహబూబ్ కాలానికి అందులో పెద్ద వాటా ఫొటోగ్రాఫరుకు దక్కింది. ఆ ఫొటోగ్రాఫరు పేరు లాలా దీన్ దయాళ్.

అతను 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదువుకుని, 1866లో ఇండోర్ మరామతు శాఖలో చేరాడు. అంచనాలు వేయడం, నక్షాలు గీయడం అతని ఉద్యోగం. కెమెరా మొదట్లో ఒక వ్యాసంగం మాత్రమే. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీ ఆదరించడంతో దొరల, సంస్థానాధీశుల పరిచయాలు పెరిగాయి. తరువాతి ఏజెంటు సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి తీసిన కట్టడాల ఫొటోలు 1886లో పుస్తకంగా వెలువడ్డాయి. అంతకు ముందు ఏడాదే వైస్రాయి డఫ్రిన్ అతన్ని తన ఫొటోగ్రాఫరుగా నియమించాడు. క్రమంగా ఉద్యోగం వెనకబడి, ఫొటోగ్రఫీయే వృత్తిగా నిలిచింది.

కాలం కూడా కలిసొచ్చింది. పాత తడి ప్లేటు పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరేలోగా ఫొటో తీసి, కడగాలి. ఎక్కడికి వెళ్ళినా చీకటి గుడారం వెంట ఉండాల్సిందే. 1880ల నాటికి ముందే తయారుచేసి అమ్మే పొడి ప్లేట్లు వాడుకలోకి వచ్చాయి. వేటలు, కవాతులు, విందులు కెమెరాకు సులువుగా అందడం మొదలైంది.

ఆ దశకంలోనే దీన్ దయాళ్ నిజాం ఆస్థానంలో చేరి, సికింద్రాబాదులో స్టూడియో తెరిచాడు. కంటోన్మెంటులో తెల్ల అధికారులు, నగరంలో పాయ్‌గా వంశపు అమీర్లు, జాగీర్దార్లు: రెండు వర్గాల గిరాకీ ఒకేచోట దొరికింది. పరదాలోని స్త్రీలు బయటి మగవారి ఎదుటికి రారు కనుక, 1892లో హైదరాబాదులో వారికోసం జనానా స్టూడియో వెలిసింది. దాని నిర్వహణ ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. 1894లో నిజాం అతనికి ‘రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. 1896లో బొంబాయి స్టూడియో మొదలైంది. మరుసటి ఏడాది విక్టోరియా రాణి నియామకపత్రం అందింది.

అతని చిత్రాల్లో మనిషి కంటే హోదా ముందు కనిపిస్తుంది. 1902 ఏప్రిల్‌లో వరంగల్ జిల్లా నెక్కొండ వేట శిబిరంలో తీసిన ఫొటో చూడండి. నేలమీద చచ్చిన పులి, దాని వెనక నిలబడిన వైస్రాయి కర్జన్, అతని భార్య. ఆ అడవిలో పులిని తోలిన వాళ్ళూ, జాడ పట్టిన వాళ్ళూ ఈ చట్రంలో లేరు. విజయం దొరగారొక్కరిదే అనిపించేలా అన్నీ అమరాయి. నక్షా గీసిన చేతికి అలవాటైన పొందికే ఇక్కడా పనిచేసింది. నిజాం రాజ్యంలో కరువు సహాయ పనులను కూడా అతను ఫొటోలు తీశాడు. అయితే అవి ప్రభుత్వం చేసిన మేలుకు దాఖలాలు. వాటిలోని బడుగులు గుంపులుగానే మిగిలారు.

కొడుకు ధరమ్‌చంద్ 1904లో పోయాడు. మరుసటి ఏడాది జూలైలో దీన్ దయాళ్ కన్నుమూశాడు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ వ్యాపారాన్ని నడిపినా పూర్వవైభవం నిలవలేదు. 1989లో 2,857 గాజు నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి.

మహబూబ్ కాలపు హైదరాబాదును ఊహించుకునే ప్రతివారూ తెలిసో తెలియకో ఈ ఫొటోలనే తలుచుకుంటారు. అవి అబద్ధాలు కావు. కానీ ఏలినవారు తాము ఎలా కనిపించాలనుకున్నారో చెప్పే సాక్ష్యాలు. వాటిని చరిత్రకు ఆధారంగా తీసుకునేవారు, ఆ ఫొటో ఎవరి ఖర్చుతో తీసిందో ముందు అడగాలి.