ఖజాంచిలో దాగిన తుర్కీ

సంఘం డబ్బు లెక్క చూసే మనిషిని తెలుగువాళ్లు తరతరాలుగా ఖజాంచి అంటున్నారు. ఆ మాటలో ఖజానా అరబ్బీ, చివరనున్న ‘చి’ తుర్కీ. ఏ వస్తువుకైనా, ఏ పనికైనా ఆ ‘చి’ తగిలిస్తే దాన్ని చూసుకునే మనిషి పేరు తయారవుతుంది. దివిటీ పట్టే మషాల్చీ కూడా అలా వచ్చినవాడే. మన తుపాకి మాటకూ మూలం తుర్కీలోనే ఉంది. గోల్కొండ నేలిన కుతుబ్‌షాహీల పూర్వీకులు కారా కోయున్లు, అంటే ‘నల్ల గొర్రెల’ తుర్కమాన్ వంశం వారు. గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ పేరులోని ‘కులీ’కి మూలమైన ‘కుల్’ అంటే తుర్కీలో సేవకుడు. ఆ నల్ల గొర్రెల వంశంలోని జహాన్ షా 15వ శతాబ్దంలో ‘హకీకీ’ పేరుతో తుర్కీలో కవిత్వం రాశాడు.

అరువు మాటల కంటే దగ్గరి పోలిక వ్యాకరణంలో కనిపిస్తుంది. ‘బెన్ కితాబి ఒకుదుమ్’ అంటే ‘నేను పుస్తకాన్ని చదివాను’. మాటల వరుస అదే, క్రియ చివరికి రావడం అదే. ‘చదివాను’లో ‘నేను’ ఇమిడి ఉన్నట్టే ‘ఒకుదుమ్’లోని చివరి ‘మ్’లో ‘నేను’ ఉంది. ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘ఎవ్‌లెర్’ ఇళ్లు, ‘ఎవ్‌లెరిమిజ్’ మన ఇళ్లు, ‘ఎవ్‌లెరిమిజ్‌దె’ మన ఇళ్లలో. ఒక్కో ముక్కా పూసలా గుచ్చుకుంటూ పోవడమే. గుర్రానికి మాత్రం ‘అత్’, ‘అత్‌లర్’. ముందున్న అచ్చును బట్టి ‘లెర్’ కాస్తా ‘లర్’ అయింది. మనం ‘పులి’ని ‘పులులు’ చేసేటప్పుడు జరిగేదీ ఇలాంటి అచ్చుల సర్దుబాటే. ఈ పోలికలు చూసే 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషలకూ తుర్కీ వైపు భాషలకూ చుట్టరికం ఉందని వాదించాడు. ఆ వాదాన్ని ఇప్పటి భాషాశాస్త్రం ఒప్పుకోదు. కానీ అంతగా అనిపించేటంత పోలిక ఉన్న మాట నిజం.

తుర్కీ భాషల పాత రాతలు చూడాలంటే మంగోలియా వెళ్లాలి. ఓర్ఖోన్ నది లోయలో 732లో కుల్ తిగిన్ పేరిట, 735లో అతని అన్న బిల్గె కగాన్ పేరిట నిలిపిన శిలలు ఉన్నాయి. చీనా వాళ్ల తీయని మాటలకూ మెత్తని పట్టుకూ లొంగి తన జనం ఎలా చెదిరిపోయారో బిల్గె కగాన్ ఆ శిలల మీద బాధగా చెప్పుకున్నాడు. ఆ లిపిని చదవగలిగినవాళ్లు వందల ఏళ్ల పాటు లేరు. 1893లో డెన్మార్క్ పండితుడు విల్హెల్మ్ థామ్సెన్ దాన్ని విప్పాడు. ‘తెంగ్రి’ అన్న మాట అతనికి మొదట చిక్కినవాటిలో ఒకటి. ఆకాశానికీ దేవుడికీ అదే పేరు.

తరువాతి మైలురాయి బాగ్దాదులో. మహ్మూద్ కాష్గరీ 1070లలో అరబ్బులకు తుర్కీ నేర్పడానికి పెద్ద నిఘంటువు రాశాడు. మాటలకు అర్థం చెప్పి ఊరుకోక, తెగతెగకూ తిరిగి విన్న సామెతలు, పాటలు, పలుకుబడులు అందులో పోగేశాడు. ఆ గ్రంథానికి ఈరోజు దొరికేది ఒకే ఒక్క రాతప్రతి. 1910లలో ఇస్తాంబుల్ పాత పుస్తకాల దుకాణంలో అలీ ఎమీరీ అనే పుస్తకప్రియుడి కంట పడింది. ఆయన కంటపడకపోతే తొలినాటి తుర్కీ జానపద సంపదలో ఎంతో భాగం మనకు తెలిసేదే కాదు.

1071లో మంజికెర్త్ యుద్ధం తర్వాత తుర్కులు నేటి టర్కీ దేశంలోని అనతోలియాలో స్థిరపడ్డారు. అక్కడ రాజుల దఫ్తరాల్లో పారసీకం నడిచేది. కొన్యా నగరంలో జీవించిన సూఫీ కవి రూమీ కూడా ప్రధానంగా పారసీకంలోనే రాశాడు. 1277లో కొన్యాను పట్టుకున్న కరమాన్ వంశపు మెహ్మెత్ బే ఇకపై దర్బారులో, బజారులో తుర్కీ తప్ప మరో భాష వినపడకూడదని చాటించాడని చరిత్రకారుడు ఇబ్న్ బీబీ రాశాడు. కొద్దికాలానికే ఆయన హతమయ్యాడు, ఆ చాటింపూ అంతటితో పోయింది.

తుర్కీని నిలబెట్టింది అదే కాలపు సంచార సూఫీ యూనుస్ ఎమ్రే. పల్లెల్లో మాట్లాడుకునే మాటల్లోనే దేవుణ్ణీ చావునూ ప్రేమనూ పాడాడు. పండితుల మెప్పు కోసం ఒక్క మాట బిగించలేదు. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆయన పాటలు జనం నోట ఉన్నాయి. ఆయన సమాధి తమ దగ్గరే ఉందని చెప్పుకునే ఊళ్లు అనతోలియాలో ఎన్నో.

ఒట్టోమన్ దర్బారులో దారి వేరు. బాకీ, నెదీమ్, షేక్ గాలిబ్ గొప్ప కవులు, సందేహం లేదు. కానీ వాళ్ల కవితా భాషలో అరబ్బీ, పారసీక సమాసాలు ఎంతగా పేరుకున్నాయంటే, రాజధానిలో చదువుకున్నవాడికి తప్ప రైతుకు అందేది కాదు. జనం మాట్లాడేదాన్ని ‘కబా తుర్కీ’, మొరటు తుర్కీ అన్నారు. ఆ మొరటు భాషలోనే 17వ శతాబ్దంలో కరాజావోగ్లాన్ సాజ్ వాద్యం మీటుతూ కొండల్నీ అమ్మాయిల్నీ పాడాడు. తెలుగులో ప్రబంధమూ జానపదమూ పక్కపక్కనే సాగిన తీరు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు.

అచ్చు ఆలస్యంగా వచ్చింది. ట్రాన్సిల్వేనియాలో పుట్టిన ఇబ్రహీం ముతెఫెర్రికా 1727లో సుల్తాను అనుమతి పొంది, 1729లో మొదటి పుస్తకంగా ఒక నిఘంటువు తెచ్చాడు. 1742 దాకా ఆయన వేసినవి 17 గ్రంథాలే. అసలు కదలిక పత్రికలతో మొదలైంది. 1860లో షినాసీ పత్రిక పెట్టి, సామాన్యులకు అర్థమయ్యేలా రాస్తానన్నాడు. 1873లో నామిక్ కెమాల్ దేశభక్తి నాటకం చూసి ప్రేక్షకులు ఊగిపోయారు. సుల్తాను ప్రభుత్వం ఆయన్ను సైప్రస్‌లోని ఫమగుస్తా కోటకు పంపింది. 1911లో సలోనికా నుంచి ‘గెంచ్ కలెమ్లెర్’ పత్రికలో ఒమెర్ సెయ్ఫెద్దీన్ ‘కొత్త భాష’ కావాలని రాశాడు. ఇస్తాంబుల్ ప్రజలు మాట్లాడేదే రాతకు ప్రమాణం కావాలన్నాడు. మన గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడిన రోజులే అవి.

లిపి బాధ కూడా తక్కువది కాదు. తుర్కీకి ఎనిమిది అచ్చులు. అరబ్బీ లిపిలో అన్నిటికీ గుర్తులు లేవు. ‘ఒల్దు’ అంటే అయ్యాడు, అందులోని అచ్చుల్ని మరోలా పలికితే చనిపోయాడు. పాత లిపిలో రెండింటికీ ఒకటే రాత. మెహ్మెత్ పాషా అయ్యాడో, మెహ్మెత్ పాషా పోయాడో చదివేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి.

సుల్తానుల పాలన ముగిశాక, 1928 ఆగస్టు 9 రాత్రి ఇస్తాంబుల్‌లోని ఒక ఉద్యానవనంలో దేశాధ్యక్షుడు ముస్తఫా కెమాల్ అతాతుర్క్ కొత్త అక్షరాల సంగతి ప్రకటించాడు. మార్పుకు ఏళ్లు పడుతుందని లిపి సంఘం సభ్యులు చెబితే, మూడు నెలల్లో జరగాలి, లేదంటే ఎప్పటికీ జరగదన్నాడని పాత్రికేయుడు ఫాలిహ్ రిఫ్కీ అతాయ్ జ్ఞాపకాల్లో రాశాడు. నవంబరు 1న చట్టం వచ్చింది. డిసెంబరు నుంచి పత్రికలు, 1929 జనవరి నుంచి పుస్తకాలు 29 రోమన్ అక్షరాలకు మారాయి. 1927లో చదవగలిగినవాళ్లు నూటికి పదిమంది. 1935 నాటికి అది దాదాపు రెట్టింపైంది. రైతు బిడ్డ పలుకు, పలక మీది రాత ఒకటయ్యాయి. ఇది పెద్ద మేలు.

నష్టమూ అంతే పెద్దది. 1932లో ఏర్పడ్డ భాషా సంఘం అరబ్బీ, పారసీక మాటల్ని ఏరివేసే పని పెట్టుకుంది. ‘మెక్తెబ్’ పోయి బడికి ‘ఒకుల్’ వచ్చింది. కొన్ని కొత్త మాటలు చక్కగా అతికాయి. కంప్యూటరుకు ‘బిల్గిసాయర్’, అంటే ‘సమాచారాన్ని లెక్కించేది’, జనం నోట స్థిరపడింది. కానీ వేగం మితిమీరింది. అతాతుర్క్ 1927లో ఆరు రోజుల పాటు 36 గంటలు చదివిన ప్రసంగాన్ని తర్వాతి తరాల కోసం కొత్త తుర్కీలోకి మార్చి వేయవలసి వచ్చింది. తాత పుస్తకం మనవడికి పరాయిదైంది. కుర్దులకు ఇంకో దెబ్బ: తమ భాషకు అవసరమైన క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు ఆ 29లో లేనందున తమ పేర్లనే అధికారికంగా రాసుకోలేకపోయారు. ఆ అడ్డు తొలగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది 2013లో.

కొత్త తుర్కీ సాహిత్యానికి ప్రాణం పోసినవాళ్లు మళ్లీ జనం నోటి దగ్గరికే వెళ్లారు. నాజిం హిక్మెత్ 1938 నుంచి 1950 దాకా జైల్లో ఉండి, తోటి ఖైదీల బతుకుల్ని మహాకావ్యంగా మలిచాడు. పౌరసత్వం పోగొట్టుకుని 1963లో మాస్కోలో కన్నుమూశాడు. ఆ పౌరసత్వాన్ని ప్రభుత్వం తిరిగి ఇచ్చింది 2009లో. ఇస్తాంబుల్ మధ్యతరగతి ఇళ్లను ఒర్హాన్ పాముక్ ప్రపంచానికి చూపించాడు, 2006లో నోబెల్ అందుకున్నాడు. అయినా మొదట చదవాల్సింది యషార్ కెమాల్‌ను. కుర్దు కుటుంబంలో పుట్టి, చుకురోవా పత్తి చేల మధ్య పెరిగిన ఆయన తొలి పుస్తకం 1943లో వచ్చింది. ఊరూరా తిరిగి ఆడవాళ్ల ఏడుపు పాటలు సేకరించిన సంపుటి అది. తర్వాత కదిర్లి పట్నంలో పేదవాళ్లకు అర్జీలు రాసిపెట్టాడు. ఆ వృత్తికి తుర్కీలో పేరు ‘అర్జుహాల్‌జి’. మన అర్జీలో ఉన్న మాటే అందులోనూ ఉంది, చివర మన ఖజాంచిలోని ‘చి’యే ‘జి’గా ఉంది. 1955లో పుస్తకంగా వచ్చిన ‘ఇంజె మెమెద్’లో జమీందారు మీద తిరగబడ్డ పల్లె కుర్రాడి కథలో ఆ అర్జీల గొంతులన్నీ వినిపిస్తాయి.

ఇంగ్లీషులోకి తెచ్చేవాళ్లు తుర్కీ వాక్యాన్ని తలకిందులు చేయక తప్పదు. తెలుగుకు ఆ అవసరం లేదు. క్రియను చివరిదాకా దాచుకునే ఆ నడకను మనం ఉన్నదున్నట్టు పట్టుకోగలం. తుర్కీ నేర్చుకుని, యూనుస్ ఎమ్రేనూ యషార్ కెమాల్‌నూ మూలం నుంచి నేరుగా తెలుగులోకి తేవడానికి మన యువ అనువాదకుల్లో ఎవరైనా పూనుకోవాలి.