చూరు, ఉట్టి, ట్రంకు పెట్టె: మన ఇళ్లలో సామాను సర్దిన చరిత్ర

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంది. హాస్టల్లో రాత్రి భోజనం అయ్యాక ఓపిగ్గా చదవండి.

మొన్న సంక్రాంతికి నంద్యాల నుంచి ఇంటికి పోయినా. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె, ఎరుకలోళ్లం. ఒకటే రూము, ముందర రేకుల వసారా. భోగికి ముందు రోజు చెల్లెలు ఇల్లంతా సర్దుతోంది. ఫోన్లో ఎవరో "ఏడాదిగా వాడనిది ఏదైనా బయట పారేయండి" అని చెప్తా ఉంటే విని, అది కూడా అట్లనే చేస్తోంది. చిరిగిన బొంతలు, విరిగిన ప్లాస్టిక్ బకెట్లు, పాత పుస్తకాలు, అవ్వ ట్రంకు పెట్టెలో ఉన్న కాయితాల కట్ట, అన్నీ వాకిట్లో కుప్ప పడినాయి, పొద్దున మంటలో వేసేదానికి. అవ్వ బయటి నుంచి వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా కుప్ప ముందర కూర్చుని కాయితాలు మాత్రం ఏరుకుంది. తర్వాత చెల్లెలితో అనింది: "బట్ట పోతే బట్ట వస్తాది. ఇది పోతే మనం ఎవరో చెప్పేదానికి ఏముంది పాపా?"

ఆ కట్టలో మా తాత పేరు మీద ఉన్న ఇంటి స్థలం పట్టా ఉంది. కులం ఎరుకల అని రాసి ఉంది. ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆలోచన. మన ఇళ్లలో ఏది దాచినారు, ఎక్కడ దాచినారు, ఏది పారేసినారు అనేదానికి కూడా ఒక చరిత్ర ఉంది కదా. రాజుల చరిత్ర బడిలో చెప్పినారు. ఈ చరిత్ర మాత్రం ఎవరూ చెప్పలే.

ముందు నల్లమల నుంచి మొదలుపెడతా. 1940లో ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ కృష్ణకు ఆ పక్క, అప్పటి నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల దగ్గర తిరిగి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అందులో చెంచుల ఇల్లు ఎట్లుంటాదో బాగా కనపడతాది. గుండ్రంగా వెదురు తడికెల గోడ, పైన గోపురం మాదిరి గడ్డి కప్పు. లోపల సామాను చాలా తక్కువ. గడ్డలు తవ్వే కర్ర, విల్లంబులు, గొడ్డలి, కత్తి, కొన్ని బుట్టలు, కుండలు, నీళ్లకు సొరబుర్ర. కాలాన్ని బట్టి, గడ్డలూ కాయలూ దొరికే చోటును బట్టి తావు మారేటోళ్లకు అంతకన్నా ఎక్కువ ఉంటే బరువే. మన పక్క అహోబిలం, రుద్రవరం, ఆత్మకూరు అడవుల్లోని చెంచు గూడేల్లో పాత గుడిసెలు చూసినోళ్లకు ఇది కొత్త కాదు. బాణాలు కప్పు గడ్డిలో దోపి ఉంటాయి. ఎవరూ వెతుక్కోరు. చీకట్లో కూడా చెయ్యి నేరుగా అక్కడికే పోతాది.

మా పెద్దోళ్ల కొట్టం కూడా అంతే. మట్టి గోడ, బోద కప్పు. ఇంటికి అలమర లేదు గానీ ఇల్లే ఒక అలమర. కొడవలి, దబ్బలు చీల్చే కత్తి చూరులో. పాలు, పెరుగు, మిగిలిన సంగటి ఉట్టి మీద, పిల్లికి అందకుండా. బట్టలు దండెం మీద. దీపం, తాంబూలం, సుంకు డబ్బులు గోడ గూట్లో. విత్తనాలు బూడిద కలిపి కుండలో, మూతికి పేడ మెత్తి. నేల మీద ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే రాత్రికి అందరూ పండుకోవాల్సింది ఆ నేల మీదనే. పొద్దున్నే చాపలు చుట్టి మూలకు నిలబెట్టి, కసువు ఊడ్చి, వారానికి ఒకసారి పేడతో అలికితే ఇల్లు సర్దినట్టే.

ఇది చెప్పి "మన పూర్వీకులే అసలైన మినిమలిస్టులు" అనే పోస్టులు కొన్ని తిరుగుతున్నాయి. జపాన్ మేరీ కోండో 2011లో ఇల్లు సర్దుకోవడం మీద పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది, మనోళ్లు అంతకు ముందే చేసినారు అని. నాకు ఆ మాట అంత నచ్చదు. కొనుక్కుని పారేయడం వేరు, కొనలేక లేకపోవడం వేరు. మా అవ్వకు రెండే చీరలు ఉండేది ఆమె ఎంచుకుని కాదు. కానీ ఉన్న నాలుగు వస్తువులకు నాలుగు తావులు పెట్టడంలో తెలివి ఉంది. దాన్ని మాత్రం తక్కువ చేయొద్దు.

ఇంకో సంగతి. ఈ సీమలో రైతుల ఇళ్లు సర్దిపెట్టింది ఎవరు? గంపలు, చాటలు, బుట్టలు, తట్టలు, గాదెలు, పరకలు అల్లింది మనోళ్లే. ఎరుకలోళ్లలో దబ్బ ఎరుకల అనే పేరే వెదురు దబ్బల నుంచి వచ్చింది. కేసీ కాలువ 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. 1882లో సర్కారు కొనేసింది. కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ పక్క వరి పండింది. వరి పండితే కళ్లం, కళ్లం ఉంటే తూర్పారబట్టే చాట, మోసే గంప, దాచే గాదె. ఊరి ధాన్యం అంతా మన చేతి అల్లిక లోపల ఉండేది. కూలి కింద ఇచ్చే నాలుగు చేర్ల గింజలు మాత్రం మన ఇంట్లో కుండ అడుగున ఉండేవి. మా అవ్వ ఇప్పటికీ ఏ ఇంటికి పోయినా ముందు చాట ఎట్ల అల్లినారో తిప్పి చూస్తాది.

సుగాలీల కథ ఇంకో రకం. వాళ్ల ఇల్లు ఎద్దుల వీపు మీద ఉండేది. ఉప్పు, ధాన్యం గోనెల్లో నింపి, వందల ఎద్దులతో సైన్యాలకు, సంతలకు మోసినోళ్లు. ఇల్లు సర్దడం అంటే రోజూ సాయంత్రం దించి, పొద్దున ఎత్తడం. ఏ గోనెలో ఏముందో, ఏ ఎద్దు ఏ బరువు మోస్తాదో తప్పితే దారి సాగదు. అద్దాలు, గవ్వలు కుట్టిన సంచులు ఇప్పుడు మనకు అందంగా కనపడతాయి గానీ అవి అప్పట్లో బీరువాలే. ఉప్పు ఎరుకలోళ్లు కూడా గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు మోసి బతికినోళ్లే. 1880ల చివర గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా బెజవాడ వైపు రైలు మార్గం వేసినారు. రైలు వచ్చినాక ఎద్దుల బిడారుకు పని ఏముంది? ఉప్పు మీద సర్కారు పెత్తనం ఒక పక్క, రైలు ఒక పక్క. తిరిగి బతికేటోళ్ల బతుకు ఆగిపోయింది.

ఆగిపోయినోళ్లను ఊరికే వదిలినారా? లేదు. 1871లో ఉత్తర భారతంలో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చినారు. ఎరుకలోళ్లను ఆ పట్టీలో వేసినారు. పుట్టుకతోనే దొంగ అని ముద్ర. పోలీసు ఠాణాలో హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచిన సెటిల్మెంటు. దానికి ఆ పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద వచ్చింది. అక్కడి జనం చీరాల పొగాకు కంపెనీలో కూలికి పోయినారు. అప్పటి మన కర్నూలు జిల్లాలో ఆత్మకూరు పక్క సిద్ధాపురంలో కూడా సెటిల్మెంటు నడిచింది.

ఇక్కడే మన ఇంటి సామాను చరిత్ర మలుపు తిరిగింది అని నా అభిప్రాయం. సెటిల్మెంటులో ఇల్లు నీది కాదు, వరుసలో ఒక నంబరు. శుభ్రంగా ఉండటం నీ అలవాటు అనుకోలేదు వాళ్లు, నీకు నేర్పాల్సిన బుద్ధి అనుకున్నారు. తరతరాలుగా పొద్దున లేస్తానే వాకిలి ఊడ్చుకున్న ఆడోళ్లకు శుభ్రత నేర్పుతామన్నారు! సెటిల్మెంటు బయట ఉన్నోళ్లకు సోదాలు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మన గుడిసెల్లోకే వచ్చేటోళ్లు. మా తాత చెప్పేటోడు, కుండలు బోర్లించి, గింజలు నేలపాలు చేసి, చూరు పీకి చూసేవాళ్లంట. అందుకే ఇంట్లో కొత్త వస్తువు కనపడితే భయం. ఇత్తడి చెంబు కొంటే కూడా ఎక్కడ కొన్నామో పదిమందికి చెప్పి కొనేటోళ్లంట. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అందుకే విముక్త జాతుల దినం అని ఆ రోజు జరుపుకుంటాం. చట్టం పోయినా చెంబు భయం మా ఇంట్లో ఇంకో తరం ఉండింది. మా నాయన ఇప్పటికీ ఏ వస్తువు కొన్నా రసీదు పారేయడు. మిక్సీ కాలిపోయి ఆరేండ్లయింది, రసీదు మాత్రం ఉంది. మేం నవ్వేవాళ్లం. ఇది రాస్తా ఉంటే నవ్వు రాలేదు.

తర్వాత కాలనీలు వచ్చినాయి. గుడిసె పోయి శ్లాబు వచ్చింది. మంచిదే, వానకు కారదు, నిప్పుకు కాలదు. కానీ ఇల్లు కట్టే ఇంజనీరుకు చూరు ఏందో తెలియదు. సిమెంటు కప్పులో కొడవలి దోపలేం. ఉట్టి కట్టేదానికి దూలం లేదు. గోడకు గూడు పెట్టలేదు. ఒకటే గది, నాలుగు గోడలు, కిటికీ. కప్పుకు, గోడకు ఉండాల్సిన సామాను అంతా నేలకు దిగింది. అదే సమయంలో సామాను పెరిగింది. రేషను బియ్యం సంచులు, గ్యాసు సిలిండరు, టీవీ, ప్లాస్టిక్ బిందెలు, ఎన్నికలప్పుడు ఇచ్చినవి, పెళ్లిళ్లలో చదివించినవి. మనం అల్లిన గంపను ప్లాస్టిక్ తట్ట తరిమేసింది, మన ఇంట్లోకి కూడా అదే వచ్చి కూర్చుంది. బయటోళ్లు వచ్చి "వీళ్లకు ఇల్లు ఇచ్చినా సర్దుకోవడం రాదు" అంటారు. సర్దుకునే తావు తీసేసి ఇల్లు ఇస్తే ఎట్ల సర్దుతారు అన్నా? 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచులకు కూడా ఇళ్లు కడుతున్నారు. మన గ్రూపులో గూడేల నుంచి వచ్చినోళ్లు అక్కడ కట్టించేటప్పుడే గోడలో అరలు అడగండి. బేతంచెర్ల నాపరాళ్లు మన జిల్లావే. రెండు బండలు గోడలో పెడితే జీవితకాలం అర ఉంటాది. పని మొదలైనాక అడిగితే ఎవరూ వినరు.

ఇక ట్రంకు పెట్టె. మనలో చాలామందికి మొదటి సొంత వస్తువు అదే కదా. గిరిజన సంక్షేమ హాస్టల్లో చేరేటప్పుడు నాయన సంతలో కొనిచ్చిన రేకు పెట్టె, తాళం, మూత మీద పేరు రంగుతో. దుప్పటి, ప్లేటు, గ్లాసు, సబ్బు, పుస్తకాలు, అడుగున ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగులు. నలభై మంది ఉన్న హాల్లో అదొక్కటే నా ఇల్లు. ఇల్లు సర్దడం నేను నేర్చుకున్నది దాంట్లోనే. చదువు అయిపోయినాక ఆ పెట్టె ఇంటికి పోతాది. అవ్వలు దాంట్లో కాయితాలు పెడతారు. మా ఇంట్లో అట్లనే జరిగింది, నా కంటే ముందు చదివిన చిన్నాయన పెట్టె అది.

ఇప్పుడు ఆ కాయితాల సంగతి. మన రాష్ట్రంలో కుల ధ్రువీకరణ 1993 నాటి 16వ నంబరు చట్టం, 1997 రూల్స్ ప్రకారం ఇస్తారు. అనుమానం వస్తే విచారణ ఉంటాది, అప్పుడు నాయనది, తాతది ఏదైనా పాత రికార్డు ఉందా అంటారు. చదువుకోని తాతకు బడి రికార్డు ఎక్కడ ఉంటాది? ఇంటి స్థలం పట్టానో, పాత రేషను కార్డో ఉండాల. మా వీధిలో ఒక ఇంట్లో ఇట్లనే పండక్కి పాత కాయితాలు పొయ్యిలో పెట్టినారు. తర్వాత ఆ ఇంటి పిల్లోడు సీటు టైముకు సర్టిఫికెట్ రాక ఒక ఏడాది పోగొట్టుకున్నాడు. అడవిలో ఉన్నోళ్లకు ఇంకా ముఖ్యం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి సాగులో ఉన్నారని చూపాలి. రూల్స్‌లో సాక్ష్యాల కింద సర్కారు కాయితాలు, రసీదులు ఉన్నాయి. ఇల్లు, గుడిసె, బావి, సమాధుల వంటి గుర్తులు, పెద్దల వాంగ్మూలం కూడా ఉన్నాయి. అంటే పాడుబడిన పాత గుడిసె గోడ కూడా సాక్ష్యమే. చెత్త అనుకుని చదును చేసే ముందు ఫోటో తీయండి, పక్కన పెద్దమనిషిని నిలబెట్టి తీయండి.

భోగి రోజు మా వాకిట్లో మంట చిన్నదే. బొంతలు కూడా అవ్వ కాల్చనీయలేదు, ఉతికి మళ్లీ కుట్టింది. ప్లాస్టిక్ మాత్రం పాత సామానోడికి వేసినాం, ఇరవై రూపాయలు, రెండు ఎల్లిపాయలు వచ్చినాయి. సాయంత్రం నేను, చెల్లెలు కూర్చుని కాయితాలన్నీ ఒక్కొక్కటి ఫోన్లో ఫోటో తీసి, నాయన మెయిల్‌కు, నా మెయిల్‌కు పంపినాం. అసలువి ప్లాస్టిక్ కవర్లో వేసి, వేపాకు పెట్టి, పెట్టెలో అడుగున కాకుండా పైన పెట్టినాం. మిక్సీ రసీదు చూపించి "ఇది పారేద్దామా నాయనా?" అని చెల్లెలు అడిగింది. ఆయన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, మళ్లీ కవర్లోనే పెట్టినాడు.

మీ ఇళ్లలో పాత ఉట్టి, పాత గాదె, సుగాలీ సంచి, చెంచుల సొరబుర్ర ఏదున్నా ఫోటో తీసి కింద పెట్టండి. ఊరి పేరు, అది ఎవరు చేసినారో రాయండి. కాయితాల ఫోటోలు మాత్రం గ్రూపులో పెట్టొద్దు, వాటిలో పేర్లు, నంబర్లు ఉంటాయి.