బస్సు టైముకు వచ్చిన వాచీ

పెళ్ళిలో అల్లుడికి పెట్టే లాంఛనాల్లో సైకిలు, రేడియోల పక్కన చేతి వాచీ కూడా ఉండేది కాబట్టి అది ఒట్టి డాబు వస్తువని చాలామంది తేల్చేస్తారు. కృష్ణా జిల్లాలోని చల్లపల్లి లాంటి ఊళ్ళను చూస్తే ఆ మాట సగమే నిజం. డాబుకైతే గొలుసు వేసిన జేబు గడియారం ముందునుంచీ ఉంది; అది బడిపంతులు దాకా, గుమాస్తా దాకా దిగి రాలేదు. 35 మిల్లీమీటర్ల సాదా కీ వాచీ దిగి వచ్చిందంటే కారణం వేరు. ఊరి పొద్దుకూ ఊరు దాటించే బండి టైముకూ పొత్తు కుదరలేదు.

మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్లో పోతుంది. చల్లపల్లి దానికి పడమర, 81 డిగ్రీలకు కాస్త ఇవతల. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సగటున ఆరు నిమిషాలు ఆలస్యం. అదైనా నిలకడగా ఉండదు: నవంబరు మొదట్లో పన్నెండుకు పది నిమిషాల ముందే మిట్టమధ్యాహ్నం, ఫిబ్రవరిలో పన్నెండూ ఇరవైకి. వరి చేనుకు ఈ అరగంట లెక్కలోది కాదు, కానీ బస్సు ఆగదు. చల్లపల్లికి రైలు లేదు. కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు మీదుగా బెజవాడ చేరాలంటే రోడ్డే దిక్కు. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. అది చేపట్టిన జాతీయీకరణ మీద కృష్ణా జిల్లా బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. యజమాని ఎవరైనా ప్రయాణికుడికి కావలసింది బస్సు కదిలే నిమిషం. పక్కనే లక్ష్మీపురం చక్కెర మిల్లులో గానుగాట మొదలైతే రాత్రీ పగలూ షిఫ్టులు నడిచేవి. వాచీ సరిచూసుకోవడానికి 1948 డిసెంబరు 1 నుంచి విజయవాడ రేడియో కేంద్రం ఉండనే ఉంది.

అయితే ఆ చిన్న సైజును మన అవసరమే పుట్టించిందని అనలేం. 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైంది జపాన్ సిటిజన్ సాంకేతికతతో. ఆ కంపెనీ జనతా వాచీ కొలత ఆ రోజుల్లో ప్రపంచమంతా మగవాళ్ళు పెట్టుకున్న కొలతే. కాకపోతే విదేశీ వాచీల దిగుమతి మీద ఆంక్షలున్న కాలం, ఒక ఇంట్లో ఒకటే వాచీ. పెళ్ళికీ కచేరీకీ సంతకూ అదే వెళ్ళాలి. చొక్కా కఫ్ కింద ఇమిడేది, తోలు బెల్టైనా స్టీలు చైనైనా నప్పేది కాబట్టి అది అన్నిటికీ సరిపోయింది. అంతమాత్రాన మొండి వస్తువు అనుకోకూడదు. డయల్ మీద పారాషాక్ (కుదుపులు తట్టుకునేది) అని ఉన్నా నీటికి అది పనికిరాదు. నాట్లలో దిగే మనిషి దాన్ని విప్పి రొంటిన దోపుకోవాల్సిందే. పొద్దున్నే బొటనవేలూ చూపుడువేలూ పట్టి, బిగువు తగిలేదాకా కీ తిప్పితే మర్నాడు పొద్దుటి దాకా ఢోకా లేదు. లోపల 17 జ్యువెల్స్, సెకనుకు అయిదు టిక్కులు. రోజుకు అర నిమిషం అటూ ఇటూ అయినా బస్సు దొరుకుతుంది.

క్వార్ట్జ్ వాచీ వచ్చి ఇదంతా తేల్చేసింది కదా అనే అభ్యంతరం గట్టిదే. 1981లో హైదరాబాద్ ఆల్విన్ సీకో సహకారంతో వాచీల్లోకి దిగింది. 1987లో టైటాన్ బజారుకొచ్చింది. టైము చెప్పడంలో కీ వాచీ న్యాయంగానే ఓడిపోయింది, దాన్ని వెనకేసుకు రావడం దండగ. కానీ బాగుచేయడం వేరే లెక్క. సర్క్యూట్ పోయిన చవక క్వార్ట్జ్‌ని పారేయడమే. కీ వాచీని విప్పి, పెట్రోల్‌లో కడిగి, చుక్క నూనె వేస్తే మళ్ళీ నడుస్తుంది. 2016 జనవరిలో కేంద్రం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపాక కూడా పాత జనతాలు నడుస్తున్నది ఈ పద్ధతి మీదే: పాడైన వాచీ చక్రం, మూత, బ్యాలెన్సు ఊడదీసి బతికున్న దానికి వేస్తారు. అందుకే ఇప్పుడు సేకర్తలు మోజుపడి కొనే జనతాల్లో చాలావాటికి డయల్ ఒక వాచీది, లోపలి మిషను ఇంకొక దానిది.