చెరసాలల నీడలో సూసన్‌విల్

చెరసాలలే జీవనాధారమైన ఒక పట్టణమును పాఠకులకు పరిచయము చేయదలచితిమి. అది అమెరికా దేశములో, కాలిఫోర్నియా రాష్ట్రపు ఈశాన్య దిక్కున, సియెర్రా నెవాడా కొండల ప్రక్కన ఉన్న సూసన్‌విల్. 1850 ప్రాంతములలో అచ్చట స్థిరపడిన ఐజక్ రూప్ కుమార్తె పేరే ఊరికి వచ్చినది. చాలకాలము కలప పని, పశువుల పెంపకము ప్రజలను పోషించినవి.

1963లో ఊరి వెలుపల రాష్ట్ర ప్రభుత్వము ఒక చెరసాల తెరచినది. 1995లో దాని ప్రక్కనే హై డెసర్ట్ అను రెండవది వచ్చినది. 2004లో పెద్ద రంపపు మిల్లు మూతపడగా, ఊరు చెరసాల ఉద్యోగములపై మరింత ఆధారపడినది. 2010 లెక్కలలో పట్టణ జనాభా 17,947. అందులో సగమునకు కొంచెము తక్కువ మంది ఖైదీలే! ఊరి వీధులలో నడువనివారిని కూడ ఊరివారిగానే లెక్కించిరి.

మొదటి చెరసాలలో ఖైదీలకు అడవి మంటలార్పుటలో శిక్షణ ఇచ్చి, కొండ శిబిరములకు పంపెడివారు. ఊళ్లను కాపాడినవారిలో వారును ఉన్నారు.

రాష్ట్రములో ఖైదీల సంఖ్య తగ్గుటచే, ఆ చెరసాలను మూసివేయుదుమని 2021లో ప్రభుత్వము ప్రకటించినది. పట్టణము కోర్టుకెక్కినను ఫలితము లేకపోయినది. 2023 జూన్ నెలాఖరున అది మూతపడినది. హై డెసర్ట్ కొనసాగినది.

చెరలో మనుష్యులు తగ్గుట మంచి వార్తయే. కాని సూసన్‌విల్ ఇండ్లలో అది దుఃఖవార్త ఆయెను. పిల్లల కూటికొరకు పనిచేసిన ఉద్యోగులను మేము నిందింపము. ఒక ఊరి అన్నమును ఇతరుల సంకెళ్లకు ముడివేసిన ఏర్పాటునే ప్రశ్నించుచున్నాము. చెరసాల తెరచిననాడే, మూసిననాడు ఊరికేమి మిగులునో పెద్దలు ఆలోచించవలసియుండెను.