సీసాలోకి చేరిన కుంకుడుకాయ

కుంకుడుకాయలు రాయి మీద కొట్టి, గింజలు ఏరేసి, పెచ్చులు వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి తీసిన రసంతో తలంటుకోవడం రెండు మూడు తరాల కిందటి దాకా తెలుగు ఇళ్ళలో వారం తప్పని పని. ఆడవాళ్ళకు శుక్రవారం, మగవాళ్ళకు శనివారం. ఇవాళ ఆ కుంకుడుకాయ షాంపూ సీసా మీద బొమ్మగా కనిపిస్తుంది. పక్కన శీకాయ, ఉసిరి, మందారం. కింద సహజం, హెర్బల్, ఆర్గానిక్ అనే మాటలు. రసాయనాలంటే భయపడినవారు ఆ బొమ్మను చూసి, అమ్మమ్మల నాటి తలంటునే కొంటున్నామని నమ్ముతారు. చరిత్ర చూస్తే ఈ నమ్మకం సగమే నిజం. పాత స్నానద్రవ్యాలు చాలావరకు మేలు చేసిన మాట వాస్తవమే. అయితే మొక్క నుంచి వచ్చినందువల్ల మాత్రమే ఆ మేలు జరగలేదు. సరుకును ఎండబెట్టి నిలవ చేశారు, ఏ పూటకాపూట తడిపారు, రుద్దుకున్న వెంటనే కడిగేసుకున్నారు, అది ఏ చెట్టుదో ఎవరు తెచ్చారో తెలిసి వాడారు. క్షేమం ఈ పద్ధతిలో ఉంది. కుంకుడుకాయ బజారు సీసాలోకి చేరినప్పుడు దాని పేరు చేరింది గాని, ఆ పద్ధతి వెంట రాలేదు. సహజమైన వస్తువులు ఎంచుకోవాలనుకునేవారు మొదట గమనించవలసింది దీన్నే.

ముందుగా సరుకు సంగతి. కుంకుడు పెచ్చులో సపోనిన్లనే పదార్థాలుంటాయి. జిడ్డును నీటిలోకి లాగి వదిలించేవీ, నురగనిచ్చేవీ అవే. శీకాయలోనూ ఉన్నవి అవే. ఈ రెండింటి రసానికీ కొద్దిగా ఆమ్లగుణం ఉంటుంది. మనిషి చర్మం పైపొరదీ అదే గుణం. సబ్బు అలా కాదు, అది క్షారం. పైగా ఉప్పునీళ్ళలో, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న కఠినజలంలో సబ్బు తెల్లటి తెట్టు కట్టి జుట్టును పీచుగా మార్చేస్తుంది. రాయలసీమలోనో, నల్గొండ వైపో బోరునీళ్ళతో తలకు సబ్బు రుద్దుకున్నవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కుంకుడు రసం ఆ నీళ్ళలోనూ తెట్టు కట్టదు. పట్టుచీరలకూ ఉన్ని బట్టలకూ నగలకూ దాన్నే వాడటం కూడా ఈ మెత్తదనం వల్లనే. ఊరి మైలబట్టలను రజకులు ఉడకబెట్టినది చౌడుమట్టితో. అందులో ఉన్నది సోడా క్షారం. ముతకబట్టకు గట్టి క్షారం, తలకూ పట్టుకూ మెత్తని కాయ. ఏది దేనికి పనికొస్తుందో ప్రయోగశాల లేకుండానే తేల్చుకున్న తెలివి అది. దాని హద్దులూ వారికి తెలుసు. కుంకుడు రసం కళ్ళలో పడితే భగ్గున మండుతుంది, కనుక పిల్లల కళ్ళు గట్టిగా మూయించేవారు. రసం నిలవుంటే పులిసి వాసన వేస్తుంది, కనుక మిగిలింది పారబోసేవారు. సున్నిపిండి తీరూ ఇంతే. పెసలు, శనగలు, పసుపు, కచ్చూరాలు, బావంచాలు, గులాబీ రేకులు అన్నీ ఎండబెట్టి విసిరి డబ్బాకెత్తేవారు. తేమ లేని చోట సూక్ష్మజీవులు పెరగవు. అప్పటి స్నానద్రవ్యాలకు నిలవమందులు అవసరం కాకపోవడానికి కారణం ఈ పొడితనమే తప్ప ఆకులో దాగిన మహత్తు కాదు.

దీనికి వెంటనే ఎదురయ్యే వాదన ఒకటుంది: వేల ఏళ్ళుగా మన పెద్దలు వాడినవి కదా, వాటికి పరీక్ష ఏమిటని. ఆ పెద్దలు రాసిపెట్టినవే చూద్దాం. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పరిమళద్రవ్యాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. నెరసిన జుట్టుకు అందులో చెప్పిన రంగులో ధాన్యంతో పాటు ఇనుప పొడి ఉంది. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజుగారి స్నానభోగాన్ని తైలాలతో, చూర్ణాలతో వర్ణించాడు. అంటే ఆనాటి సౌందర్యశాస్త్రం ఆకులకే కట్టుబడినది కాదు. ఖనిజాలనూ లోహాలనూ వెనకాడకుండా వాడింది. కళ్ళకు పెట్టుకునే సుర్మా సంప్రదాయంగా సీసపు ఖనిజం నూరి చేసినది. పాపిట్లో పెట్టిన సిందూరం చాలా చోట్ల ఎర్రసీసమో, పాదరసపు ఇంగిలీకమో. ఇవన్నీ భూమిలో దొరికేవే, సహజమైనవే, శతాబ్దాల వాడుక ఉన్నవే. అయినా సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ హాని నెమ్మదిగా, పైకి కనబడకుండా జరుగుతుంది కాబట్టి ఎన్ని తరాల అనుభవమైనా దాన్ని పట్టుకోలేకపోయింది. మంట, దురద, వాసన లాంటి వెంటనే తెలిసే దోషాలను అనుభవం తప్పకుండా పట్టుకుంటుంది. ఏళ్ళ తర్వాత బయటపడే దోషానికి మాత్రం రక్తపరీక్ష కావాలి.

మొక్కల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. సున్నిపిండిలో చెప్పుకున్న బావంచాలనే తీసుకుందాం. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి పట్టి ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టు కమిలి బొబ్బలెక్కుతుంది. బొల్లి మచ్చల వైద్యంలో బావంచాలు వాడటం ఈ గుణం వల్లనే. ఆధునిక చర్మవైద్యమూ సోరాలెన్లను అతినీలలోహిత కాంతితో కలిపి కొలత ప్రకారం వాడింది. నలుగులో కొద్దిపాటిగా కలిపి, పిండి ఆరేలోగా కడిగేసుకుంటే ప్రమాదం తక్కువ. అదే గింజల నూనెను రాత్రంతా ముఖానికి పట్టించి పొద్దున్నే ఎండలోకి వెళితే సంగతి వేరు. ఈమధ్య ముఖానికి రాసే సీరంలలో బాగా వినబడుతున్న బకుచియాల్ కూడా ఈ గింజల నుంచి తీసినదే. దాన్ని సోరాలెన్లు లేకుండా శుద్ధి చేయాలి, అది రసాయన ప్రయోగశాల చేయవలసిన పని. అంటే ఈ మొక్క చేసే మేలును క్షేమంగా అందుకోవడానికి చాలామంది భయపడే ఆ రసాయనశాస్త్రమే కావలసి వచ్చింది. గోరింటాకు కథ మరింత విచారకరం. ఆషాఢంలో రుబ్బి పెట్టుకున్న ఆకు ఎర్రగా పండుతుంది, దానికి గంటలు పడుతుంది. నిమిషాల్లో నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో పారాఫినైలిన్‌డయామిన్ అనే జుట్టురంగు పదార్థం కలుపుతున్నారు. అది కొందరికి జీవితాంతం వదలని అలర్జీ తెచ్చిపెడుతుంది. పేరు మాత్రం గోరింటాకుదే.

స్వచ్ఛమైనదనే మాటతో సరుకు అమ్మడం ఇప్పటి పోకడ అనుకుంటాం గాని, దానికి నూరేళ్ళు దాటాయి. లీవర్ బ్రదర్స్ సన్‌లైట్ సబ్బు 1888లో కలకత్తా రేవులో దిగింది. విదేశీ సబ్బుల్లో పశువుల కొవ్వు ఉంటుందన్న జంకు ఇక్కడి ఇళ్ళలో గట్టిగా ఉండేది. స్వదేశీ ఉద్యమం ఆ జంకుకు దేశాభిమానాన్ని జోడించింది. 1918 ప్రాంతంలో ఆర్దేశీర్ గోద్రెజ్ కంపెనీ పూర్తిగా శాకనూనెలతో సబ్బు తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గంధపుచెక్క ఎగుమతి ఆగిపోతే, మైసూరు సంస్థానం 1916లో గంధపు నూనె తీయడం మొదలుపెట్టి ఆ నూనెతో సబ్బు చేసింది. 1920లో కలకత్తా కెమికల్ వేపనూనెతో మార్గో తెచ్చింది. ఇవన్నీ గొప్ప స్వదేశీ ప్రయత్నాలు, గర్వించదగినవి. కానీ రసాయనపరంగా చూస్తే అన్నీ సబ్బులే: నూనె, కాస్టిక్ సోడా. శుద్ధమైనదన్న మాటకు అప్పటి అర్థం మతానికీ జాతికీ చెందినది. చర్మానికి సబ్బు ఏం చేస్తుందనే ప్రశ్న అందులో లేదు. ఆ ఒరవడి తర్వాతా సాగింది. 1985లో గంధం, పసుపు పేరుతో వచ్చిన సంతూర్‌ను తెలుగువాళ్ళు ఎంతగానో ఆదరించారు. సబ్బు నాణ్యతకు అసలు కొలమానం మూలికల జాబితా కాదు, అందులోని మొత్తం కొవ్వుపదార్థం శాతం. భారత ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బు మొదటి గ్రేడు కావాలంటే అది 76 శాతానికి తగ్గకూడదు. అట్ట మీద చిన్న అక్షరాల్లో టి.ఎఫ్.ఎం. అని ఉండేది అదే. వేపాకు బొమ్మ కంటే ఆ అంకె ఎక్కువ నిజం చెబుతుంది.

మంచిదైన కుంకుడును వదిలి జనం షాంపూకు ఎందుకు మళ్ళారన్నది న్యాయమైన ప్రశ్న. ప్రకటనల మాయ అని కొట్టిపారేయడం ఆడవాళ్ళకు అన్యాయం చేయడమే. కాయలు కొట్టింది, నానబెట్టింది, పిసికింది, పిండి విసిరింది, పిల్లలందరికీ తలంటింది వాళ్ళు. ఉమ్మడి కుటుంబంలో తలంటు రోజంటే వాళ్ళకు పూట గడిచిపోయే చాకిరీ. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ మొదలుపెట్టిన చిక్ లాంటి షాంపూలు చిన్న పొట్లాల్లో వచ్చి, సీసా కొనలేని కూలితల్లికి కూడా ఆ చాకిరీ నుంచి విడుదలనిచ్చాయి. కుంకుడులాగే ఉప్పునీళ్ళలో తెట్టు కట్టకపోవడం మరో సుగుణం. కనుక పాత పద్ధతిని పొగిడేవారు ఆ పద్ధతి ఎవరి చేతులమీద నడిచిందో కూడా చెప్పాలి. నా వాదన వెనక్కి వెళ్ళమని కాదు. వెనకటి పేరును అరువు తెచ్చుకున్న వస్తువును ఇప్పటి వస్తువుగానే పరీక్షించమని.

ఆ పరీక్ష ఎలా? సీసాలో ఎక్కువ భాగం నీరు. నీరున్న చోట బూజు, బాక్టీరియా పెరుగుతాయి కనుక నిలవమందు తప్పదు. ఏ నిలవమందూ లేదని చెప్పే నీటి క్రీము నెలల తరబడి అల్మారాలో ఉందంటే, భయపడవలసింది దానికే. నురగ కోసం వాడే సోడియం లారిల్ సల్ఫేట్‌ను కొబ్బరినూనె నుంచీ, పామ్ గింజల నూనె నుంచీ కూడా చేస్తారు. కాబట్టి కొబ్బరి నుంచి తీసిన నురగ అన్న మాట నిజమే కావచ్చు, అయినా పొడిచర్మానికి అది ఎండగొట్టే సల్ఫేటే. చాలా హెర్బల్ షాంపూలు ఆయుర్వేద లైసెన్సు మీద తయారవుతాయి. వాటి వెనక మూలికల తూకాలు మిల్లీగ్రాముల్లో వరసగా రాసి, చివర బేస్ తగినంత అని ముగిస్తారు. తలను శుభ్రం చేసేదంతా ఉన్నది ఆ ఒక్క మాటలో. ఇక ఆర్గానిక్ ముద్ర పంటను ఎలా పండించారో చెబుతుంది. పురుగుమందులు లేని సాగును ప్రోత్సహించడం మంచిదే, రైతుకూ నేలకూ మేలు. అయితే ఆ ముద్ర చర్మానికి హామీ కాదు. ఆర్గానిక్ బావంచాల్లోనూ సోరాలెన్ ఉంటుంది.

అడవి సంగతి మరవకూడదు. ముఖానికి మెరుపు తెస్తుందని ఎర్రచందనం పొడి ఊరూరా దొరుకుతోంది. ఆ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, నల్లమల కొండలున్న తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద, అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం ఆంక్షలున్నాయి, అయినా దొంగనరుకుడు ఆగలేదు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని ఎర్రచందనం పొడి కొనకపోవడమే ఆ కొండలకు చేయగల ఉపకారం. దీనికి ఎదురుగా మంచి దారీ ఒకటుంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యం గిరిజనుల నుంచి కుంకుడు, శీకాయ వంటి అటవీ ఉత్పత్తులు కొని అమ్ముతోంది. చెట్టును నరకకుండా రాలిన కాయ ఏరుకునే బతుకుకు అక్కడ ఆదాయం దొరుకుతుంది.

సహజమైనవే కావాలనుకునేవారికి కనుక నా విన్నపం ఇది. తీరిక ఉంటే ఎండు కుంకుడుకాయలో, కలిపిన సరుకులన్నీ తెలిసిన సున్నిపిండో వాడండి. తడిపింది ఆ పూటే వాడి మిగిలింది పారబోయండి. సీసా కొంటే ముందున్న బొమ్మ వదిలి, వెనకున్న పదార్థాల జాబితా, తయారీ తేదీ, లైసెన్సు నంబరు చదవండి. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడత దగ్గర రాసి ఒకరోజు చూడండి. నిమిషాల్లో నల్లగా పండే గోరింటాకు కొనకండి. అమెరికాలో సుర్మా, కాటుకలను రంగుపదార్థంగా అనుమతించరు. అక్కడి పిల్లల రక్తంలో సీసం పెరగడానికి ఇలాంటివి కారణమైన ఉదంతాలున్నాయి. అక్కడి మనవలకు పెట్టెలో పెట్టి పంపేవారు ఈ విషయం తెలుసుకోవాలి. ఆముదపు దీపం మసితో ఇంట్లో చేసిందైనా సరే, పసిపిల్లల కళ్ళకు కాటుక పెట్టకండి.