చికిత్సకుని చిట్టా

వైద్యము చేయుట యొక పని, చేసిన వైద్యమును వ్రాసి యుంచుట వేఱొక పని యని లోకమున నొక భావము గలదు. మొదటిది పుణ్యకార్యమనియు, రెండవది దఫ్తరు చాకిరి యనియు చికిత్సకులే పెక్కుమంది తలచుచుందురు. చచ్చుబడిన చేతులకు చలనము నేర్పు ఫిజియోథెరపిస్టులు గాని, మనోవ్యథలకు మాటలతో చికిత్స చేయువారు గాని కలసినప్పుడు వినవచ్చు మొఱ యొక్కటియే: రోగి కీయవలసిన కాలమును కాగితము మ్రింగుచున్నదని. ఈ మొఱలో నిజము లేకపోలేదు. కాని కాగితము మ్రింగిన కాలమంతయు నష్టమేనా, అందు కొంత రోగికే తిరిగి వచ్చుచున్నదా యని విచారింపక తీర్పు చెప్పుట న్యాయము గాదు. ఈ విచారమునకై దూరదేశములకు పోనక్కఱలేదు. ఇందల్వాయినుండి నిజామాబాదునకు పోవు త్రోవలోనే డిచ్‌పల్లి యున్నది. ఆ గ్రామపు చరిత్రమే మనకు పాఠము చెప్పగలదు.

ముందుగా మన పూర్వుల మాట యొకటి స్మరింతము. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. రోగి గుణములలో మొట్టమొదట లెక్కింపబడినది జ్ఞాపకశక్తి. తన బాధను తెలియజెప్పగల నేర్పును అందే చేర్పబడినది. అనగా వ్యాధి చరిత్రము నిలిచియుండవలసిన స్థలము రోగి మనస్సే యని యాచార్యుని భావము. ఒక గ్రామమున కొక వైద్యుడుండి, ప్రతి కుటుంబమును మూడు తరములుగా నెఱిగియున్న కాలమున నది చాలియుండవచ్చును. అయితే రోగికే తన వ్యాధి పోకడ తెలియని రోగ మొకటి యున్నప్పుడు ఈ పాదము కుంటువడును. అట్టి రోగమే కుష్ఠము.

స్కాట్లాండు దేశీయురాలగు ఇసబెల్ కెర్ 1903లో ఆబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును బొంది, 1907లో భర్తయగు జార్జి కెర్‌తో గూడ మిషను పనికై హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. నిజామాబాదు ప్రాంతమున కుష్ఠరోగులకు దిక్కు లేకుండుట చూచి 1911లో వారికై యొక చిన్న ఆశ్రయమును నెలకొల్పిరి. వచ్చువారికి తావు చాలకపోయెను. రాజా నర్సాగౌడు చేసిన ద్రవ్యసహాయముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠ చికిత్సాలయ మేర్పడెను. 1923లో ఆమెకు కైసరిహింద్ పతకము లభించినది. 1932లో ఆమె మరణించెను. పరదేశీయురాలి కరుణయు, స్వదేశీయుని దాతృత్వమును కలసి నిలిపిన సంస్థ యిది యని మనవారు మఱవరాదు.

ఆనాటి మందు చాల్‌మోగ్రా జాతికి చెందిన హిడ్నోకార్పసు నూనె. కలకత్తాలో రోజర్సు, మ్యూర్ అను వైద్యులు చక్కజేసిన పద్ధతి ననుసరించి దానిని సూదితో నెక్కించుచుండిరి. ఈ చికిత్స దినములతో తీరునది కాదు. నెలలు, ఏండ్లు సాగవలసినది. ఈ వారము చూచిన మచ్చకును వచ్చు వారము చూచిన మచ్చకును భేదము కంటికి తెలియదు. ఏడాది క్రిందటి మచ్చ యెంత యుండెనో నికరముగా చెప్పగల రోగి లేడు, వైద్యుడును లేడు. వందలమందిని చూచువాని మనస్సున ఒకరి మచ్చ మఱియొకరి మచ్చతో కలసిపోవును. వ్రాత యొక్కటే కలసిపోనిది.

ఇందొక చేదు నిజము గూడ కలదు. ఈ రోగము కొందఱిలో మందు లేకయే తగ్గును, కొందఱిలో మందుండియు పెరుగును. కావున నూనె వలన మేలు కలిగెనా, కాలము వలన కలిగెనా యను ప్రశ్న యేండ్ల తరబడి తెగలేదు. 1941లో అమెరికాలోని కార్విల్ చికిత్సాలయమున ఫాజే అను వైద్యుడు ప్రోమిన్ అను సల్ఫోను మందును ప్రయోగించిన పిదప నూనె క్రమముగా వెనుకబడెను. డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లో అను వైద్యుడే కలకత్తాకును, అటుపై నైజీరియాలోని ఉజువాకోలికిని పోయి, డాప్సోను మాత్రను నోటి ద్వారా ఇచ్చు పద్ధతిని నిలబెట్టినవారిలో నొకడయ్యెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘము పలు మందులను కలిపి యిచ్చు విధానమును సూచించెను. నేడు రోగభేదమును బట్టి ఆఱు నెలలు గాని, పండ్రెండు నెలలు గాని చాలును. ఈ మెట్లలో దేనినైనను ఒక వైద్యుని నమ్మకము నిర్ణయింపలేదు. పాత రోగి స్థితిని క్రొత్త స్థితితో పోల్చి చూచిన కాగితములే నిర్ణయించినవి. నార్వే దేశము 1856లోనే కుష్ఠరోగుల పేళ్లను, ఊళ్లను, వ్యాధిగతిని తెలుపు జాతీయ పట్టికను స్థాపించెను. 1873లో హాన్సెన్ ఆ రోగపు క్రిమిని కనుగొనెను. ఇది వంశానుగతము గాదు, అంటువలన వచ్చునని వాదించుటకు ఆ పట్టికయు నతనికి సాధనమయ్యెను.

ఇక చికిత్సకుని చిట్టా యొక్కొక్క రోగి చేతిని కాపాడు విధమును చూతము. కుష్ఠము నరములను చెఱచును. చేయి మొద్దుబారును, వ్రేళ్లు వంగిపోవును, కాలు జాఱును, కనుఱెప్ప మూయబడదు. నొప్పి తెలియనివాడు నొప్పి చెప్పలేడు. వేడి గిన్నెను పట్టుకొని చర్మము కాలినను వానికి తెలియదు. కావున చికిత్సకుడు అరచేతి పటమును గీచి, ఏయే చోట్ల స్పర్శ తెలియుచున్నదో గుర్తులు పెట్టును. చిటికెనవ్రేలిని ప్రక్కకు చాచుట, బొటనవ్రేలిని పైకెత్తుట, పాదమును పైకి వంచుట, కన్ను మూయుట - వీని బలమును సున్న మొదలు అయిదు వఱకు గల అంకెలతో నిర్ణయించును. ఈ పరీక్ష రెండు నెలల క్రిందటి పరీక్షతో పోల్చినప్పుడే మాటలాడును. ఏలయనగా ఆఱు నెలలలోపల కలిగిన నరపు నష్టమునకు ప్రెడ్నిసొలోను మందునిచ్చినచో పెక్కు చేతులు తేఱుకొనును. పాతబడిన నష్టము సామాన్యముగా మందుతో తిరిగిరాదు. ఈ నష్టము క్రొత్తదా, పాతదా? రోగి యెఱుగడు. చేయి చూచిన వైద్యుడు నెఱుగడు. గడచిన తారీఖుతో గూడిన కాగిత మొక్కటే యెఱుగును. నాలుగు నిమిషములు వ్రాతకు చాలక పోయినందున ఒక కమతగాడు జన్మాంతము నాగలి పట్టలేనివాడగుట సంభవించును. కాలమునకు వెల కట్టదలచినవారు ఈ చేతికి గూడ వెల కట్టుదురు గాక!

వ్రాత యెప్పుడు జరుగవలెనను ప్రశ్నకు బోధను చెరకు రైతు మంచి జవాబు చెప్పగలడు. 1937లో వెలసి 2015లో మూతపడిన నిజాము చక్కెర కార్ఖానా నడచిన దినములలో చెరకు బండి తూకమునకు నిలిచిన ప్రతి పూటకు గడ యెండి బరువు తగ్గుచుండెను. ఆలస్యముగా తూచిన చెరకు కోసిన చెరకు కాదు. ఆలస్యముగా వ్రాసిన చిట్టాయు నట్టిదే. మా తప్పును గూడ ఇచ్చట నొప్పుకొందుము. ఉపాధ్యాయవృత్తిలో దిగిన తొలి యేండ్లలో మేము ఆఱు దినముల పాఠముల దినచర్యను శనివారము సాయంకాలము కూర్చుండి యొక్క పట్టున వ్రాయుచుంటిమి. చెప్పవలసిన పాఠములు అందుండెను గాని చెప్పిన పాఠములు లేవు. ఏ బాలునికి ఏది తెలియలేదో మొదలే లేదు. పరీక్షాధికారి సంతోషించెను. బాలురకు మాత్రము కలిగిన లాభమేమియు లేదు.

అయినను వ్రాసినదెల్ల సత్యమని భ్రమపడరాదు. మన హైదరాబాదులోనే 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారము కమీషనులు జరిగెను. వైద్యపాఠశాలాధ్యక్షుడగు ఎడ్వర్డు లారీ పూనికయు, నిజాము ప్రభువు ధనమును తోడుకాగా, రెండవ కమీషనునకు లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిపి, మత్తులో మొదట నిలిచిపోవునది శ్వాసమే, గుండె కాదు, కావున శ్వాసమును కనిపెట్టిన చాలునని తేల్చిరి. లారీ యంతకుముందే అట్లు నమ్మియుండెను. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు కొద్దిపాటి మత్తులోనే గుండె హఠాత్తుగా చెదరి యాగిపోగలదని చూపెను. కష్టపడి వ్రాసిన పుటలు సైతము వ్రాయువాడు వెదకినదానినే చూపగలవు. కావున ఎదురుచూడని దానిని వ్రాయుటకు చిట్టాలో చోటుండవలెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాసు దోమకడుపున మలేరియా క్రిమిని కనుగొన్నప్పుడు, దోమల కంకెలు వేసి, తారీఖులు వేసి వ్రాసుకొను నలవాటే అతనికి ఆధారమయ్యెను.

మఱియొక యపాయమును చెప్పక విడువరాదు. చిట్టాలో నొక మాట రోగిని రక్షించును. అదే మాట బయటబడినచో రోగిని ఊరు వెడలగొట్టును. 1898 నాటి కుష్ఠరోగుల చట్టము 2016 వఱకు పుస్తకములలో నిలిచియుండెను. కుష్ఠమును విడాకులకు కారణముగా నెంచు వాక్యములు 2019లో గాని మన వివాహచట్టములనుండి తొలగలేదు. ఇట్టి సంఘమున రోగి పేరును రోగము పేరును ఒక వరుసలో వ్రాయు కలము కత్తి వంటిదే. అక్కఱ యున్నంత వ్రాయుట, వ్రాసినదానిని తాళము వేసి యుంచుట చికిత్సకుని ధర్మము.

ఇప్పుడు కాలనిర్వాహము మాట. మొదటిది: వ్రాతను దినపు పని తుదకు త్రోయక, ప్రతి రోగికి కేటాయించిన వేళలోనే దానికి భాగ మీయవలెను. అరగంట చికిత్స యనగా ఇరువదియైదు నిమిషముల చేతిపనియు, అయిదు నిమిషముల వ్రాతయు నని యేర్పఱచుకొన్నచో వ్రాత దొంగవేళ కాదు. రెండవది: క్రొత్తది వ్రాయుటకు ముందు పాతది చదువవలెను. చదువని చిట్టా వ్రాయుట గింజ వేయని దుక్కి. మూడవది: వాక్యములకంటె గుర్తులు మేలు, పటముపై చుక్క పెట్టుటకు క్షణము చాలును. నాలుగవది: 1968లో లారెన్సు వీడ్ అను అమెరికా వైద్యుడు ప్రచారము చేసిన క్రమమును పాటించవచ్చును - రోగి చెప్పినది, తాను చూచినది, తాను తలచినది, ఇక చేయదలచినది. ఈ నాలుగు గదులును నిండినచో చాలును. అయిదవది: రేపటి చికిత్సను మార్చలేని మాట చిట్టాలో నుండనక్కఱలేదు. సర్కారు లెక్కలకు కావలసిన సంఖ్యలు వేఱు, రోగికి కావలసిన వ్రాత వేఱు. మొదటి పనికి గుమాస్తాను నియమించుట యధికారుల విధి. చికిత్సకునిచే నీ రెంటిని చేయించి, కాలము చాలలేదని వానినే నిందించుట యన్యాయము.

మనోవ్యాధులకు మాటలతో చికిత్స చేయువారి మార్గము కొంత భిన్నము. రోగి మాటలాడుచుండగా వ్రాయుట తగదని 1912లోనే ఫ్రాయిడ్ సలహా యిచ్చెను. వ్రాయువాని చెవి తాను వ్రాయదలచిన దానినే ఏఱుకొనునని యతని భావము. అట్టివారు రోగి లేచిపోయిన వెంటనే, తరువాతివాడు లోపలికి రాకముందు, నాలుగు పంక్తులు వ్రాసికొనుట యుచితము. మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికి తన వైద్యపత్రములను చూచు హక్కునిచ్చినది. కావున రోగి చదివినను తల వంచుకొననక్కఱలేని రీతిని వ్రాయుటయే మేలు. ఈ నియమము చేతిని చూచువానికిని, మనస్సును చూచువానికిని సమానమే.

చరకుడు జ్ఞాపకమును రోగి గుణముగా లెక్కించెను. మొద్దుబారిన చేతికి జ్ఞాపకము లేదు. ఆ లోపమును పూరించుటకే చిట్టా పుట్టినది. రోగి మఱచినదానిని, తెలియనిదానిని, చెప్ప సిగ్గుపడినదానిని వానికై జ్ఞాపకముంచుకొనుటయు చికిత్సలో భాగమే. చికిత్సాలయములను నడుపువారు ఈ కాలమును జీతపు కాలముగా నంగీకరించి, అక్కఱలేని కాగితములను తగ్గింతురుగాక! చికిత్సకులును మిగిలిన యొక్క కాగితమును శ్రద్ధతో, నాటిది నాడే వ్రాయుదురుగాక! అప్పుడు డిచ్‌పల్లి త్రోవలో నడచు రైతు తన చేయి యెట్లు నిలిచెనో యెఱుగకపోవచ్చును. ఆ చేయి మాత్రము నాగలి పట్టుకొని యుండును.