జయప్రకాష్ రెడ్డి: లెక్కల మాస్టారు నుంచి సీమ విలన్ దాకా.. సిరివెళ్ల నటుడి ప్రస్థానం

తెలుగు సినిమాలో సీమ విలన్ అనగానే ఠక్కున గుర్తొచ్చే గొంతు జయప్రకాష్ రెడ్డిది. ఇండస్ట్రీలో అందరికీ జేపీ. పుట్టింది ఆళ్లగడ్డ దగ్గర సిరివెళ్లలో. అప్పట్లో అది కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. తండ్రి సాంబిరెడ్డి పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్. కొన్నాళ్లు నెల్లూరులో చదువుకున్న జేపీ, తర్వాత లెక్కల మాస్టారు అయ్యారు. ఒకపక్క పాఠాలు, మరోపక్క నాటకాలు!

నల్గొండలో 'గప్‌చుప్' నాటకంలో ఆయన్ను చూసిన దాసరి నారాయణరావు.. నిర్మాత రామానాయుడికి చెప్పారు. అలా 1988లో 'బ్రహ్మపుత్రుడు'తో తెరపైకి వచ్చారు. అయితే సినిమా సంపాదనతో ఇల్లు గడవలేదు. మళ్లీ గుంటూరు వెళ్లి పాఠాలు చెప్పుకున్నారు. చాలామంది కథ అక్కడితోనే ఆగిపోతుంది.

1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చింది. కర్నూలు నేపథ్యంలో సాగే ఈ సినిమాలో జేపీ మాట్లాడింది సినిమా భాష కాదు. యాడికి, ఏంటికి అంటూ నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లల్లో వినిపించే మాట అది. అరవకుండానే భయపెట్టారు. ఆ తర్వాత 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001).. వరుసగా ఫ్యాక్షన్ సినిమాలే.

దీనికి ఇంకో కోణం కూడా ఉంది. ఈ సినిమాలు ఆడినకొద్దీ సీమ అంటే బాంబులు, సుమోలే అన్న ముద్ర బలపడింది. సీమ జనానికి ఇప్పటికీ ఉన్న బాధ ఇది. జేపీ మాత్రం ఆ యాసను అక్కడే వదిలేయలేదు. 'ఎవడి గోల వాడిది' (2005), 'రెడీ' (2008) చూడండి.. నిన్నటిదాకా వణికించిన మనిషే కడుపుబ్బా నవ్వించారు.

ఇంత బిజీలోనూ నాటకం వదల్లేదాయన. పూసల రాసిన 'అలెగ్జాండర్'లో ఉండేది ఒకటే పాత్ర. సుమారు వంద నిమిషాలు స్టేజీ మీద జేపీ ఒక్కరే! కట్ చెప్పేవాళ్లు ఉండరు, డైలాగ్ మర్చిపోతే అందించే తోటి నటుడూ ఉండడు. సినిమాల్లో సెటిలయ్యాక అంత వయసులో ఈ రిస్క్ ఎందుకంటే.. నాటకమంటే ఆయనకు అంత పిచ్చి.

2020 సంక్రాంతికి వచ్చిన 'సరిలేరు నీకెవ్వరు'లో ప్రకాష్ రాజ్ తండ్రిగా కనిపించారు. అదే ఏడాది సెప్టెంబర్ 8న గుంటూరులోని ఇంట్లో గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన వయసు 74 ఏళ్లు.